పెరటి పొగ డ్రమ్ము: అడుగున తుప్పు, అదుపు తప్పే వేడి, మాంసానికి చేదు

సాగర్‌నగర్ పెరడు:

అందరికీ నమస్కారం. మా ఇల్లు విశాఖలోని సాగర్‌నగర్‌లో సముద్రానికి కూతవేటు దూరంలో ఉంటుంది. వంటనూనె వచ్చిన 200 లీటర్ల ఇనుప డ్రమ్మును కొని, దాని అడుగుభాగంలో ముప్పావు అంగుళం గాలి గొట్టాలు మూడు, మూతకు రెండంగుళాల పొగ గొట్టం, లోపల బొగ్గుల బుట్ట, ఆ బుట్ట అడుగుకు రెండడుగుల ఎత్తున ఇనుప జాలీ పెట్టించి, పెరట్లో మాంసానికి పొగ పట్టించడానికి వాడుకుంటున్నాము. మొదట్లో అది చెప్పిన మాట వినేది. గాలి గొట్టాల వాల్వులను కొద్దిగా తిప్పితే చాలు, లోపలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటల తరబడి నిలిచేది, వేట మాంసం జబ్బ ముక్క ఎముక నుంచి దానంతటదే ఊడి వచ్చేది.

ఈ వానకాలం గడిచాక పరిస్థితి మారిపోయింది. డ్రమ్ము అడుగు అంచు వెంబడి తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. మూడు వాల్వులూ పూర్తిగా మూసినా వేడి 170 డిగ్రీలు దాటిపోతోంది. దాన్ని తగ్గించడానికి పొగ గొట్టం మూతను సగం దించితే వేడి దారికి వస్తోంది గానీ, మాంసం మీద నల్లటి బంక పొర పట్టి, నాలుక మొద్దుబారేంత చేదు వస్తోంది. కట్టె మా తోటలోని మామిడిదే, ఇంతకుముందు వాడినదే. డ్రమ్మును నీళ్ళు పోసి కడగవచ్చునా, లోపల రంగు వేయించవచ్చునా, చేదుకు కట్టెను మార్చాలా అన్న మూడు విషయాలపై అనుభవజ్ఞులు చెప్పగలరు.

ఆటోనగర్ వెల్డింగు:

సమాధానానికి ముందు రెండు సంగతులు తెలియాలి. బూడిదను ఎప్పుడు తీస్తున్నారు? డ్రమ్ము నేల మీద నేరుగా నిలబడి ఉందా, ఇటుకల మీద ఉందా? ఇవి కాక ఒక చిన్న పరీక్ష చేయండి. చీకటి పడ్డాక బుట్టను తీసివేసి, ఫోను టార్చిని వెలిగించి డ్రమ్ము అడుగున పెట్టి, మూత బిగించి, పొగ గొట్టాన్ని, గాలి గొట్టాలను గుడ్డతో కప్పి, చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగి చూడండి. ఏం కనబడిందో రాయండి.

సాగర్‌నగర్ పెరడు:

ధన్యవాదాలు. డ్రమ్ము గచ్చు మీద నేరుగా నిలబడి ఉంది. బూడిదను మళ్ళీ వెలిగించే ముందు తీయడం మా ఇంటి అలవాటు. టార్చి పరీక్ష చేశాను. అడుగు అంచుకు పైన, సముద్రం వైపున, జానెడు మేర సూదిమొనలంత వెలుగు చుక్కలు వరుసగా కనబడ్డాయి. ఒకచోట వేలితో నొక్కితే రేకు లోపలికి పొడిగా రాలి, కందిగింజంత రంధ్రం పడింది. మూత చుట్టూ కూడా సన్నటి వెలుగు గీత ఒకవైపు పొడవునా కనబడింది.

ఆటోనగర్ వెల్డింగు:

అయితే మీ మూడు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. బూడిద అడుగున చెమ్మ పట్టి ఉండిపోయింది, ఆ చెమ్మ రేకును తిన్నది, తిన్నచోట చిల్లులు పడ్డాయి, ఆ చిల్లులు మీరు మూయలేని నాలుగో గాలి గొట్టంగా పనిచేస్తున్నాయి. పొగ డ్రమ్ములో వేడిని నిర్ణయించేది బొగ్గు ఎంత పోశామన్నది కాదు, దానికి గాలి ఎంత అందుతోందన్నది. మీ వాల్వులన్నీ మూసినా, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక అది సరిగ్గా చిల్లులున్న వైపు నుంచే కొడుతుంది కనుక బొగ్గు రాజుకుంటూనే ఉంటుంది. ఇక మీరు పొగ గొట్టాన్ని మూసినప్పుడు వేడి తగ్గిన మాట నిజమే గానీ, కట్టె సగం కాలి సగం కాలక వదిలే తారు ఆవిరి బయటికి పోయే దారి లేక మాంసం మీదే పేరుకున్నది. చేదు అక్కడిది. మామిడి కట్టెను నిందించకండి.

పొగ గొట్టం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి. వేడిని తగ్గించాలన్నా పెంచాలన్నా కింది గాలి గొట్టాల దగ్గరే చేయాలి. పొగను చూస్తే లోపల ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. పొగ గొట్టం నుంచి ఉన్నదా లేదా అన్నట్టు పలచగా, కాస్త నీలంగా వస్తుంటే మాంసం పెట్టవచ్చు. తెల్లగా, దట్టంగా, కళ్ళు మండేలా వస్తున్నంతసేపూ మూత తీయకుండా ఆగాలి. చాలామంది పొగ బాగా వస్తోందని సంబరపడి సరిగ్గా ఆ తెల్లటి పొగలోనే మాంసం పెడతారు.

మరమ్మతు గురించి. డ్రమ్ము రేకు మందం 1 మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. తుప్పు తిన్నచోట అది ఇంకా పలచబడి ఉంటుంది కనుక చిల్లు మీద నేరుగా వెల్డింగు పెట్టమని అడగవద్దు, చిల్లు ఇంకా పెద్దదవుతుంది. 2 మిల్లీమీటర్ల ఎంఎస్ (పూత లేని మామూలు ఉక్కు) ప్లేటును డ్రమ్ము లోపలి కొలతకు గుండ్రంగా కోయించి, దానికి ఒకటిన్నర అంగుళం అంచు పైకి వచ్చేలా పట్టీ వేయించి, ఆ అంచును గట్టి రేకు ఉన్న ఎత్తులో లోపల చుట్టూ అంటించమనండి. గాలి గొట్టాల రంధ్రాలు దానికి పైనే ఉండేలా చూసుకోవాలి. పాత అడుగు అలాగే ఉండిపోయినా నష్టం లేదు, నీరు నిలవకుండా దానికి మూడు నాలుగు చోట్ల రంధ్రాలు వేయించండి. మూత చుట్టూ కనబడిన వెలుగుకు బట్టీ తలుపులకు వాడే గాజునార తాడును అంచు వెంబడి బిగిస్తే సరిపోతుంది. రబ్బరు పట్టీ పెట్టవద్దు, కరిగి కంపు కొడుతుంది.

లోపల ఏ రంగూ వేయవద్దు. బయట మాత్రం బాగా గోకించి, సైలెన్సర్లకు వేసే వేడి తట్టుకునే రంగు వేయించండి.

మర్రిపాలెం వంటిల్లు:

మేము కూడా ఇలాంటిది చేయించుకోవాలని అనుకుంటున్నాము. పాత డ్రమ్ములు అమ్మే దుకాణంలో లోపల ఎర్రటి పూత ఉన్నవి చవకగా ఇస్తామంటున్నారు. కడిగేసి వాడుకోవచ్చని దుకాణదారు భరోసా ఇస్తున్నారు. జాలీకి కూడా తళతళలాడే జీఐ జాలీ అయితే తుప్పు పట్టదని చెబుతున్నారు. నమ్మవచ్చునా?

ఆటోనగర్ వెల్డింగు:

రెండూ వద్దు. లోపల ఎర్రగానో గోధుమ రంగుగానో కనబడేది రసాయన పూత. అది కడిగితే పోదు. డ్రమ్ము నిండా కట్టెలు వేసి పెద్ద మంటతో పూర్తిగా కాల్చి, ఆ తరువాత గ్రైండరుకు తీగ బ్రష్ బిగించి తెల్లటి ఇనుము కనబడేదాకా గోకాలి. ఆ కాల్చేటప్పుడు వచ్చే పొగ ఇళ్ళ మధ్య వదలదగినది కాదు. పూత లేని వంటనూనె డ్రమ్ము దొరికేదాకా ఆగడం మేలు. పురుగుమందులో, రెజిన్లో, పేరు తెలియని ద్రవమో వచ్చిన డ్రమ్మును ఎంత కాల్చినా వంటకు వాడకూడదు.

ఇంకొక ముఖ్యమైన మాట. పెట్రోలు, థిన్నరు వంటివి వచ్చిన ఖాళీ డ్రమ్ములో చుక్క ద్రవం లేకపోయినా ఆవిరి మిగిలి ఉంటుంది. దానికి గ్రైండరు రవ్వ తగిలినా, వెల్డింగు సెగ తగిలినా బాంబులా పేలుతుంది. ఈ పనిలో ప్రాణాలు పోయినవారు ఉన్నారు. అందుకే లోపల ఏం వచ్చిందో తెలియని డ్రమ్మును మేము కోయము.

జీఐ అంటే ఇనుము మీద జింకు పూత. జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నిప్పుల మీద కూర్చునే బుట్ట అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది, వెల్డింగు చేసేవాళ్ళకు అది బాగా తెలుసు. పై జాలీకి అంత వేడి తగలకపోయినా నిమ్మరసం, పెరుగు పట్టించిన మాంసంలోని పులుపుకు జింకు కరిగి తిండిలోకి దిగుతుంది. బుట్టకు మామూలు ఎంఎస్ ఎక్స్‌పాండెడ్ మెష్ (రేకును చీల్చి సాగదీసిన జాలీ), పై జాలీకి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టించుకోండి.

రసాయనం మాస్టారు:

ఈ చర్చలో బూడిదకు తగిన న్యాయం జరగలేదనిపించి రాస్తున్నాను. కట్టె బూడిదలో పొటాషియం, కాల్షియం కార్బొనేట్లు ఉంటాయి, తడిస్తే అది క్షారమవుతుంది. ఇనుమును క్షారం ఒక్కటే తినదు, నిజానికి శుద్ధమైన క్షార ద్రవంలో ఇనుము కాస్త రక్షణలోనే ఉంటుంది. అసలు దోషి ఉప్పు. మాంసానికి పట్టించిన ఉప్పునీరు బొట్లు బొట్లుగా బూడిదలో పడుతుంది. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు తుంపర డ్రమ్ము గోడల మీద పేరుకుంటుంది. బూడిద స్పాంజిలా తేమను పట్టి ఉంచుతుంది, ఉప్పులోని క్లోరైడు ఇనుము మీది రక్షణ పొరను ఛేదిస్తుంది. రెండూ కలిశాక తుప్పుకు వాన కూడా అవసరం లేదు.

వాన అవసరం లేదని ఊరికే అనడం లేదు. వంట ఉప్పు, అంటే సోడియం క్లోరైడు, గాలిలో తేమ 75 శాతం దాటితే చాలు, దానంతటదే తడిసి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో కొంత మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, అది 33 శాతం తేమకే నీరుగారుతుంది. విశాఖలో తేమ ఏడాదిలో చాలా భాగం ఎంత ఉంటుందో ఆరేసిన బట్టలను చూసేవారికి నేను చెప్పనక్కరలేదు. కనుక సాగర్‌నగర్‌లో ఆరుబయట నిలిపిన డ్రమ్ము మీకు పొడిగా కనబడుతున్నా, దాని చర్మం మీద ఎప్పుడూ కంటికి కనబడని ఉప్పునీటి పొర ఉంటుందనే లెక్కవేసుకోవాలి.

దీనికి విరుగుడు నూనె పూత. కొత్త ఇనుప పెనానికి నూనె కాల్చి పట్టించుకున్నట్టే డ్రమ్ము లోపలి గోడలకు పలచగా నూనె రాసి, సన్నటి మంట మీద రెండు మూడు గంటలు ఉంచితే, ఆ నూనె గాలిలోని ఆక్సిజనుతో కలిసి గట్టి పొరగా మారుతుంది. అయితే ఏ నూనె పడితే ఆ నూనె పనికిరాదు. నూనెకు గాలిలో గట్టిపడే గుణం ఎంత ఉందో సూచించే కొలతను అయోడిన్ విలువ అంటారు, అది ఎక్కువ ఉన్న నూనెలే గట్టిపడతాయి. అవిసె నూనెకు అది 170కి పైన ఉంటుంది, పొద్దుతిరుగుడు నూనెకు 110 నుంచి 145 వరకు, వేరుశనగ నూనెకు ఇంకా తక్కువ. కొబ్బరినూనెకు 11 కూడా దాటదు, అది ఎన్నటికీ గట్టిపడదు, జిడ్డుగా ఉండి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె వాడితే ఆ గుడ్డను ఉండ చుట్టి మూలన పడవేయవద్దు. ఆరేటప్పుడు అది వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది. గుడ్డను నీటిలో ముంచి పారవేయండి.

మర్రిపాలెం వంటిల్లు:

మాస్టారూ, ఒక సందేహం. లోపల నల్లగా పేరుకున్న మసి కూడా రక్షణ పొరే కదా, దాన్ని గోకకూడదని కొందరు అంటారు. ఏది నిజం?

రసాయనం మాస్టారు:

గోడకు గట్టిగా అంటుకుని, చేత్తో రాస్తే రాని నలుపు రక్షణ పొరే, దాన్ని ఉంచండి. పొరలు పొరలుగా ఉబ్బి, తడి తగిలితే రాలేది తారు, మసి కలిసిన మడ్డి. అది ముఖ్యంగా మూత లోపలి వైపున పేరుకుని, వేడికి చెమర్చి మాంసం మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ మడ్డిని చెక్క గరిటెతోనో పుట్టీ రేకుతోనో గోకి తీయాలి. జాలీని శుభ్రం చేయడానికి సన్నటి ఇనుప తీగల బ్రష్ వాడేవారు, తీగ ఊడి జాలీకి అంటుకుని తిండిలోకి పోకుండా తరువాత తడిగుడ్డతో తుడవడం తప్పనిసరి. సగం కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి వేడి జాలీ మీద రుద్దితే నాకు ఆ బ్రష్‌తో పనే లేకపోయింది.

పెందుర్తి కట్టెలు:

బొగ్గు, కట్టె గురించి నాలుగు మాటలు. మా వైపు సరుగుడు పుష్కలంగా దొరుకుతుంది. గట్టి కట్టె, మంచి వేడి, పెద్దగా వాసన లేనిది. దాని బొగ్గును నిప్పుకు, జామ లేదా మామిడి ముక్కలను పొగకు వాడడం నా పద్ధతి. చింత కట్టె పొగ ఘాటు, వేటకు సరిపోతుంది గానీ కోడికి, చేపకు బరువెక్కువ. తుమ్మ కూడా అంతే. ఏదైనా సరే, కోసి నీడలో కనీసం ఆరు నెలలు ఆరినది కావాలి. పచ్చి కట్టె తనలోని నీటిని ఆవిరి చేసుకోవడానికే సగం వేడి మింగేసి, మిగతా సగంతో తెల్లటి పొగ పెడుతుంది. ముక్కలను నీటిలో నానబెట్టమని చెప్పేవారి మాట పట్టించుకోవద్దు. నీరు కట్టెలోకి పెద్దగా ఇంకదు, పైతడి ఆరేదాకా అది రాజుకోదు, ఆలస్యం తప్ప లాభం లేదు.

వేప చేదు పొగ, జామాయిల్ మందు వాసన. గన్నేరు విషం, దాని కర్రను చువ్వగా కూడా వాడకూడదు. మన కొండల మీద విరివిగా ఉండే జీడిమామిడి కట్టెను కూడా దూరం పెట్టండి. జీడిపిక్క నూనె చర్మాన్ని ఎలా పొక్కిస్తుందో తెలిసినవారెవరూ ఆ చెట్టు పొగను తిండికి పట్టించరు. తుపాను తరువాత రోడ్ల పక్కన పడిన చెట్లను తెచ్చుకునే అలవాటు మన ఊరిలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక వీధి వీధినా కొమ్మలే. ఆ కొమ్మ ఏ చెట్టుదో ఆకు చూసి గుర్తుపట్టలేకపోతే స్నానాల పొయ్యికి వాడండి, మాంసానికి వద్దు. ప్యాకింగు చెక్కలు, ప్లైవుడ్ సంగతి వేరే చెప్పాలా?

మర్రిపాలెం వంటిల్లు:

సరుగుడు బొగ్గు కన్నా కొబ్బరి చిప్పల బొగ్గే మేలని నా అభిప్రాయం. నిప్పురవ్వలు ఎగరవు, పొగ ఉండదు, ఎక్కువసేపు నిలుస్తుంది.

పెందుర్తి కట్టెలు:

నిలుస్తుంది, కాదనను. కానీ చిప్పల ముక్కలు పలచగా ఉండి ఒకదాని మీద ఒకటి పళ్ళెంలా కూర్చుంటాయి, వాటి మధ్య గాలి ఆడదు, బుట్ట మధ్యలో నిప్పు ఆరిపోతుంది. అచ్చు పోసిన చిప్పల బొగ్గు అయితే ఆ ఇబ్బంది లేదు, ధర ఎక్కువ. కింద సరుగుడు పెద్ద ముక్కలు, పైన చిప్పల బొగ్గు వేసి చూడండి.

వెలిగించే తీరు కూడా చెప్పాలి. బుట్టలోని బొగ్గు మొత్తాన్ని ఒకేసారి ఎర్రగా రాజేస్తే దాన్ని తరువాత ఏ వాల్వూ అదుపు చేయలేదు. బుట్ట నిండా రాజుకోని బొగ్గు పోసి, మధ్యలో పిడికెడంత గుంట చేసి, అందులో పది పన్నెండు రాజుకున్న బొగ్గులు మాత్రం వేయాలి. నిప్పు ఒక ముక్క నుంచి ఇంకొక ముక్కకు నింపాదిగా పాకుతుంది. అమెరికాలో దీన్ని జిమ్ మినియన్ అనే పొగ వంటగాడి పేరుతో మినియన్ పద్ధతి అంటారు. మన అమ్మమ్మలు దాలిలో పిడకలు పేర్చి, పాలకుండ పెట్టి, సాయంత్రానికి ఎర్రటి మీగడ తీసిన విద్యకు ఇది దగ్గరి చుట్టమే. పొగ ముక్కలను బొగ్గు మధ్య అక్కడక్కడ పాతిపెడితే నిప్పు వాటి దగ్గరకు చేరినప్పుడల్లా కొత్త పొగ వస్తుంది.

వేడి 120 డిగ్రీలు కావాలంటే 100 దగ్గరకు వచ్చేసరికే వాల్వులు మూయడం మొదలుపెట్టాలి. 120 దాటాక మూస్తే అది 150 దాకా పోయి గాని ఆగదు, దించడం ఎక్కించినంత తేలిక కాదు.

భీమిలి చేపలు:

మాంసం గురించి చాలా చెప్పారు కనుక చేపల సంగతి నేను రాస్తాను. పొగకు కొవ్వున్న చేప కావాలి. కానాగంతలు, కవ్వళ్ళు చాలా బాగుంటాయి, వంజరం ముక్కలు కూడా బాగుంటాయి. చందువ పొగకన్నా పులుసుకే అందం. కానాగంతను వెన్ను వెంబడి చీల్చి, కడిగి, లీటరు నీటికి 80 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణంలో గంటసేపు ఉంచి, తీసి, జల్లెడ మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాలి. చర్మం మీద వేలు పెడితే తడి తగలకుండా, కాస్త అంటుకున్నట్టు, అద్దంలా మెరిసే పొర రావాలి. పొగ ఆ పొరకే పట్టుకుంటుంది. తడి చేపను పెడితే పైన మసి మరకలు పడతాయి తప్ప రుచి దిగదు. మన తేమలో ఆ పొర రావడానికి ఫ్యాను కింద కూడా రెండు గంటలు పట్టవచ్చు. అందుకే ఈ పని తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడు చేయండి.

ముందు డ్రమ్ము వేడి 80 డిగ్రీలకు మించకుండా చూసి, చేప బంగారు రంగు తిరిగాక వేడి పెంచి, మధ్యభాగం 63 డిగ్రీలకు చేరాక అరగంట పాటు అక్కడే నిలపాలి. ఆ నిలపడం రుచి కోసం కాదు, క్రిముల కోసం.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కానాగంత, సూర వంటి చేపలు మంచు లేకుండా ఎండలో కాసేపు ఉన్నా వాటిలో హిస్టమిన్ తయారవుతుంది. తిన్నవారికి ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచి, తల బద్దలవుతుంది. వేడితో గాని, పొగతో గాని, ఉప్పుతో గాని ఆ హిస్టమిన్ పోదు. కనుక రేవు నుంచి ఇంటిదాకా మంచులోనే తేవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో బజారులో కనబడే పెద్ద చేప ఎక్కడ నుంచి, ఎన్నాళ్ళ క్రితం వచ్చిందో అడగకుండా పొగకు కొనవద్దు.

మర్రిపాలెం వంటిల్లు:

పొగ పట్టించిన చేపను ఎండుచేపలా డబ్బాలో నెలల తరబడి దాచుకోవచ్చునా?

భీమిలి చేపలు:

దాచకూడదు. ఎండుచేపను కాపాడేది దానిలోని ఉప్పు, నీరు లేకపోవడం. మనం చేసే ఈ చేపలో నీరు ఇంకా నిండుగా ఉంటుంది, ఉప్పు తక్కువ. ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. గాలి తీసేసిన సంచుల్లో మూసి బయట ఉంచడం మరీ ప్రమాదం, గాలి లేనిచోటే పెరిగే బొట్యులిజం క్రిమికి అది పందిరి వేసి పిలిచినట్టు.

మిద్దె మీద మనిషి:

మాది ఎంవీపీ కాలనీలో అపార్టుమెంటు. బాల్కనీలో చిన్న డ్రమ్ము పెట్టుకోవచ్చునా?

రసాయనం మాస్టారు:

బాల్కనీలో వద్దు. రాజుకుంటున్న బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, గది తలుపు తెరిచి ఉంటే గాలి అటే లోపలికి తోస్తుంది. సంఘం అనుమతి ఉంటే పై మిద్దె మీద, నీళ్ళ ట్యాంకులకు, ఆరేసిన బట్టలకు దూరంగా, పక్కన ఇసుక బకెట్టు పెట్టుకుని చేయండి. వాన వచ్చిందని సగం ఆరిన డ్రమ్మును మెట్ల గదిలోకి లాగడం కూడా అంతే ప్రమాదం.

పొగ తిండి ఆరోగ్యానికి మంచిదేనా అని ఎవరో ఒకరు అడుగుతారు కనుక ఇప్పుడే చెబుతున్నాను. కొవ్వు నేరుగా నిప్పుల మీద పడి కాలినప్పుడు బెంజోపైరీన్ వంటి పదార్థాలు పుడతాయి, అవి పొగతో లేచి మాంసానికి పడతాయి. బెంజోపైరీన్ క్యాన్సర్ కారకమని తేలింది. ఐరోపా సమాఖ్య పొగ పట్టించిన మాంసంలో, చేపలో అది కిలోకు 2 మైక్రోగ్రాములకు మించకూడదని 2014 నుంచి అమలు చేస్తోంది. మనం ఇంట్లో కొలవలేము గానీ, జాలీకి, నిప్పులకు మధ్య ఒక పళ్ళెం పెట్టి కొవ్వు అందులో పడేలా చేయవచ్చు, దట్టమైన పొగను ముందే పోనివ్వవచ్చు, మాడిన అంచులు కోసి పారవేయవచ్చు. నెలకోసారి తినేదాన్ని రోజూ తినకపోవడం కూడా మన చేతిలోనిదే.

సాగర్‌నగర్ పెరడు:

ఆటోనగర్ వెల్డింగు గారు చెప్పినట్టే లోపలి ప్లేటు వేయించి, మూతకు గాజునార తాడు బిగించి, మాస్టారు చెప్పిన విధంగా పొద్దుతిరుగుడు నూనె పూత పట్టించాను. టార్చి పరీక్షలో ఇప్పుడు ఎక్కడా వెలుగు లేదు. వాల్వులన్నీ మూస్తే నిప్పు అరగంటలో మందగిస్తోంది. చిల్లులున్న రోజుల్లో అది తెల్లవారేదాకా కాలుతూ బొగ్గంతా తినేసేది. ఇప్పుడు సగం బొగ్గు మరుసటిసారికి మిగులుతోంది. గాలి గొట్టాలు సముద్రం వైపు లేకుండా డ్రమ్మును తిప్పి పెట్టాను.

నిన్న వేట జబ్బను పొగ గొట్టం పూర్తిగా తెరిచి ఉంచి చేశాను. చేదు లేదు. కానీ ముక్క లోపలి వేడి 68 డిగ్రీల దగ్గర ఆగిపోయి రెండు గంటలు కదలలేదు. థర్మామీటరు చెడిపోయిందేమోనని అనుమానంగా ఉంది.

పెందుర్తి కట్టెలు:

చెడిపోలేదు. 65 నుంచి 75 మధ్య అది అలాగే ఆగుతుంది. మాంసంలోని నీరు పైకి వచ్చి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, చెమట మనిషిని చల్లబరిచినట్టే. కంగారుపడి నిప్పు పెంచవద్దు. ఓపిక లేకపోతే అరటి ఆకులో చుట్టి, పైన రేకు కాగితం చుట్టి మళ్ళీ పెట్టండి, ఆవిరి బయటికి పోక వేడి ముందుకు కదులుతుంది. జబ్బ 92 దాటాకే పీచులు విడిపోతాయి. కోడికి ఇదంతా అవసరం లేదు, 74 వస్తే చాలు. పైగా దానికి డ్రమ్ము వేడి 150 దాకా ఉంచితేనే చర్మం రబ్బరులా సాగకుండా ఉంటుంది.

అనుమానం తీరాలంటే థర్మామీటరును మరుగుతున్న నీటిలో పెట్టండి. సముద్ర మట్టంలో ఉన్నాము కనుక 100 చూపాలి. దాన్ని అరకుకు తీసుకుపోయి పరీక్షిస్తే 97 చూపుతుంది, అది కూడా తప్పు కాదు. మూతకు బిగించిన ముల్లు థర్మామీటరును మాత్రం నమ్మవద్దు, మాంసం ఉన్న ఎత్తులోని వేడికి, మూత దగ్గరి వేడికి తేడా ఉంటుంది.

సాగర్‌నగర్ పెరడు:

మరుగునీటిలో 99 చూపింది, సంతృప్తి కలిగింది. చివరిగా ఒక ప్రశ్న. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో డ్రమ్మును ఎలా ఉంచాలి? పైన టార్పాలిన్ కప్పితే చాలునా?

ఆటోనగర్ వెల్డింగు:

టార్పాలిన్ గట్టిగా కప్పితే లోపల చెమ్మ పడుతుంది, అది వానకన్నా హాని. వంట అయిన మరునాడు, లోపల చేయి పెట్టగలిగేంత చల్లారాక, బూడిదంతా తీసి, ఇనుప డబ్బాలో పోసి, పూర్తిగా చల్లారిందని నిశ్చయించుకున్నాకే మొక్కలకు వేయండి. నివురు కింద నిప్పు ఒక్కొక్కసారి రెండో రోజు కూడా ఉంటుంది. కొవ్వు పళ్ళేన్ని కడిగి ఆరబెట్టండి. డ్రమ్ము లోపల మాత్రం నీళ్ళు పోయవద్దు, నూనె గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు.

నాలుగు ఇటుకల మీద నిలిపి, మూతను అంగుళం సందు ఉండేలా పుల్ల అడ్డం పెట్టి, వాల్వులు మూడూ తెరిచి, వాన పడని వసారాలోకి జరపండి. వసారా లేకపోతే పొగ గొట్టానికి బోర్లించిన డబ్బా కప్పి, గాలికి దొర్లిపోకుండా గోడకు గొలుసుతో కట్టండి. గాలి గొట్టాల్లో కందిరీగలు మట్టిగూడు కడతాయి, మళ్ళీ వెలిగించే ముందు ప్రతి గొట్టంలోనూ ఒక పుల్ల దూర్చి చూసుకోండి. నెల దాటి మూసి ఉంచితే లోపల బూజు కూడా రావచ్చు. అప్పుడు మాంసం లేకుండా అరగంట పెద్ద మంట వేసి, గోకి, పలచగా నూనె రాసి, తరువాతే వంటకు పెట్టండి.